లేబుళ్లు అంటించడానికి కాదు పంపింది

మా సైన్స్ మేడం చనిపోయారన్న వార్త నాకు క్యాంటీన్‌లో తెలిసింది. మా వర్క్‌షాపులోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు. మధ్యాహ్నం భోజనానికి బయటికొచ్చి లాకర్ తెరిస్తే మంజుల నుంచి వరసగా మిస్డ్ కాల్స్ ఉన్నాయి. మంజుల నాతోపాటే మేడం దగ్గర చదువుకుంది, నాతోపాటే మెషిన్ పని నేర్చుకుంది. తిరిగి ఫోన్ చేస్తే, "మేడం పోయిందే స్వప్నా" అంది. పొద్దున రాజేంద్రనగర్‌లో ఇంట్లో చాయ్ తాగుతూ ఛాతీలో నొప్పి అన్నారట. దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయిందట.

అన్నం డబ్బా మూత పెట్టేశాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆమె పెట్టుకున్న తగాదాలన్నీ సగంలో ఉన్నాయి. ఆమెను ఏడిపించినవాళ్లు నిక్షేపంగా ఉన్నారు. ఈ నాలుగు మాటలూ ఆ కోపం చల్లారకముందే రాస్తున్నాను. చల్లారాక రాస్తే అది ఆమె గురించి రాసినట్టు కాదు.

మాది శంషాబాద్ దాటాక బెంగళూరు రోడ్డు నుంచి కొంచెం లోపలికి ఉన్న ఊరు. మా ఊరి సర్కారు హైస్కూల్లో ఆమె సైన్స్ చెప్పేవారు. పొట్టిగా ఉండేవారు. కాటన్ చీర కొంగు నడుముకు దోపుకుని, చేతిసంచిలో పుస్తకాలతోపాటు ఒక స్క్రూడ్రైవరు పెట్టుకుని తిరిగేవారు. తరగతి గదిలో ఫ్యాన్ ఆగితే ప్యూన్‌ను పిలవడం ఉండదు. బల్ల మీద బెంచీ వేయించి, మాలో ఒకరిని ఎక్కించి, కింద నుంచి చెప్తూ విప్పించేవారు. ఆ తర్వాతే కరెంటు పాఠం. అందరికీ కోపం వస్తే గొంతు పెరుగుతుంది. ఆమెకు తగ్గేది. ఆమె మెల్లగా మాట్లాడుతున్నారంటే ఎదుటివాడు జాగ్రత్తపడాలని పిల్లలందరికీ తెలుసు. మామూలుగా ఎవరినైనా "అన్నా" అని పిలిచే మనిషి, మండిందంటే "అయ్యా" అనేవారు.

పదో తరగతి ఫలితాలు వచ్చినప్పుడు నేను పాసయ్యాను. మార్కులు మాత్రం పదిమందికీ చెప్పుకునేటంత రాలేదు. మా ఇంట్లో రెండే దారులు చర్చకు వచ్చాయి. ఒకటి, ఏదో ఒక కాలేజీలో ఇంటర్. రెండోది మా కాక తెచ్చింది. కాక, అంటే మా చిన్నాన్న, ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడిపేవాడు. లోపల పనిచేసే కాంట్రాక్టర్లు కొందరు తెలుసు. చెప్తే రేపటినుంచే నన్ను పనిలో పెట్టుకుంటారన్నాడు.

ఆ సాయంత్రం మేడం మా ఇంటికి వచ్చారు. బాపు వాకిట్లో పాలకూర కట్టలు కడుతున్నాడు. బోరు కింద ఆకుకూరలు పండించి తెల్లారేసరికి మార్కెట్‌కు తీసుకుపోవడం మా ఇంటి పని. మంచం వేస్తే మేడం కూర్చోలేదు. కింద బాపు ఎదురుగా కూర్చుని, ఒక దారం ముక్క అందుకుని, తనూ కట్టలు కట్టడం మొదలుపెట్టారు.

"ఏంది మేడం, మా పిల్లకు ఇంటర్ వద్దంటున్నరట?" అన్నాడు బాపు.

"వద్దంటలేనన్నా. పుస్తకం ఇష్టమున్నోళ్లు మంచిగ చదువుకోవాలె. నీ బిడ్డ ఏం చేస్తదో నువ్వు చూస్తలేవా? పంపు మోటరు కాలిపోతే మెకానిక్ పక్కకు పోయి కూసుంటది. స్కూల్ల ఏది విప్పినా మళ్ల బిగించేదాక లెవ్వది. గట్లాంటి పిల్లను గదిల కూసోబెట్టి బట్టీ పట్టిస్తె ఏమొస్తది? ఐటీఐల మెషినిస్టు ట్రేడు ఉన్నది. ఆడ చేరిపిద్దాం."

కాక అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "ఐటీఐ అంటే మార్కులు రానోళ్లు పోయే జాగ గద మేడం. అందుల ఆడపిల్ల. గా ఇనుప సామాన్ల నడుమ ఏం చేస్తది? నేను చెప్తే ఎయిర్‌పోర్టుల పెట్టుకుంటరు. నెల తిరిగేసరికి జీతమొస్తది."

"ఏం పని తమ్మీ?"

"ఏదో ఒకటి. క్లీనింగు, ట్రాలీలు."

"పదేండ్లయినంక ఏం చేస్తది?"

"గదే చేస్తది."

మేడం గొంతు తగ్గింది. "గా పని చేసేటోళ్లు ఎవ్వరికన్న తక్కువని నేనంటలే అయ్యా. గానీ పదహారేండ్ల పిల్లకు చేతిల ఏ విద్యా పెట్టకుండ వాడుకునుడు తక్కువ పని. వాడుకునేటోళ్లది తక్కువతనం, పిల్లది గాదు."

కాక కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. బాపు మాత్రం అడగాల్సినవన్నీ అడిగాడు. ఐటీఐ అయ్యాక ఏం చేయాలి, ఎక్కడికి పోవాలి, ఎవరు తీసుకుంటారు. మేడం ఓపికగా చెప్పారు. ఐటీఐ అయ్యాక ఒక కంపెనీలో అప్రెంటిస్‌గా చేరాలి. అక్కడ నిజమైన మెషిన్ల మీద, పని తెలిసినవాళ్ల పక్కన నిలబడి నేర్చుకోవాలి. నేర్చుకున్నంత కాలం నెలనెలా కొంత ఇస్తారు. ఆఖర్న పరీక్ష ఉంటుంది. పాసైతే దేశంలో ఎక్కడికి పోయినా చెల్లే సర్టిఫికెట్ వస్తుంది.

బాపు కట్ట కింద పెట్టి అడిగాడు. "నిజంగ నేర్పుతరా మేడం?"

"నేర్పాలె. చట్టం ఉన్నది."

"చట్టాలు మస్తుంటయి."

"ఉంటయన్నా. నేర్పకపోతే నేను పోయి అడుగుత."

ఆ మాట మీదే బాపు ఒప్పుకున్నాడు. చట్టాన్ని చూసి కాదు, అడుగుతానన్న మనిషిని చూసి.

ఐటీఐలో మా ట్రేడులో ఆడపిల్లలం ముగ్గురమే. నేను, మంజుల, జల్‌పల్లి నుంచి వచ్చే షబానా. షబానా మాట్లాడటం తక్కువ, వినడం ఎక్కువ. అక్కడి చదువు బాగానే సాగింది. మెషిన్లు పాతవి, రెండింట్లో ఒకటే తిరిగేది. ఆ తిరిగేదాని దగ్గర వంతు కోసం కొట్లాడుకునేవాళ్లం. అది అయ్యాక ముగ్గురికీ ఒకే కంపెనీలో అప్రెంటిస్‌షిప్ దొరికింది. ఎయిర్‌పోర్టుకు అవతల కొత్తగా వచ్చిన కంపెనీ. పేరు రాయను. పేరు రాస్తే ఇది ఒక్క కంపెనీ కథ అనుకుంటారు.

చేరినరోజు ఊరంతా చూసింది. మా మూలమలుపు దాకా కంపెనీ బస్సు వచ్చింది. నీలం రంగు యూనిఫాం, మెడలో గుర్తింపు కార్డు. బాపు ఆ ఉదయం మార్కెట్‌కు ఆలస్యంగా పోయాడు, బస్సు ఎక్కేదాకా నిలబడి.

లోపలికి పోయాక మాకు ఇచ్చిన పని, అట్టపెట్టెల మీద లేబుళ్లు అంటించడం. మొదటి వారం ఆర్డరు అర్జెంటన్నారు. రెండో వారం మనుషులు తక్కువున్నారన్నారు. ఆ తర్వాత ఏ కారణమూ చెప్పడం మానేశారు. మాతో చేరిన మగపిల్లలు లారీల్లోకి పెట్టెలు ఎక్కించేవారు. మెషిన్లున్న హాల్లోకి మేం అడుగుపెట్టేది ఒక్కటే పనికి, కింద పడిన ఇనుప తురుము ఊడవడానికి. చీపురు పట్టుకుని అద్దాల వెనక ఆ పెద్ద మెషిన్లు ఎట్లా కదులుతున్నాయో తొంగిచూసేవాళ్లం. సూపర్‌వైజర్ "తర్వాత చూద్దురు గానీ" అని తరిమేవాడు. కాగితాల మీద మాత్రం మాకు శిక్షణ చక్కగా నడుస్తూనే ఉంది.

ఇంట్లో చెప్పలేకపోయాం. రోజూ యూనిఫాం ఉతికి ఇస్త్రీ చేసుకుని పోతుంటే లేబుళ్లు అంటిస్తున్నామని ఎట్లా చెప్తాం?

మేడంకు ఒక అలవాటుండేది. తను పంపిన పిల్లలు ఎక్కడ పనికి చేరినా వాళ్ల దగ్గరికి స్వయంగా పోయి చూసేవారు. అట్లా ఒక శనివారం స్కూలు అయ్యాక మా కంపెనీ గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. మేం బయటికి రాగానే ముగ్గురి మొహాలూ చూశారు.

"ఇయ్యాల ఏం నేర్చుకున్నరు బిడ్డా?"

నేను చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాను. మంజుల నవ్వుతూ, "లేబులు వంకర పోకుండ అంటించుడు నేర్చుకున్నం మేడం" అంది.

మేడం నవ్వలేదు. మంజుల చేయి పట్టుకుని తిప్పి చూశారు. వేళ్లకు జిగురు ఎండి తెల్లటి పొరలు పొరలుగా ఉంది. ఆ చేయి వదలకుండానే గేటు వైపు నడిచారు.

రిసెప్షన్‌లో హెచ్ఆర్ అధికారి వచ్చి కూర్చోమన్నాడు. కోస్తా వైపు మాట. చాలా మర్యాదస్తుడు.

"మేడం గారూ, మీకేమీ ఆందోళన అక్కర్లేదండి. పిల్లలకి స్టైపెండ్ టైముకి పడుతోంది. ఏడాది పూర్తవగానే సర్టిఫికెట్ కూడా వచ్చేస్తుంది."

"సర్టిఫికెట్ సంగతి తర్వాత. వీళ్లు మిషన్ ఎప్పుడు ముట్టుకుంటరు?"

"చూడండి, అవి చాలా ఖరీదైన మెషిన్లు. కొత్త పిల్లల చేతికి ఎలా ఇస్తామండి?"

"కొత్త పిల్లలకు నేర్పుతమనే గద అయ్యా తీసుకున్నరు? ఖరీదైన మిషన్ అయితే పక్కన మనిషిని నిలబెట్టి నేర్పాలె. లేబుళ్లు అంటించటానికి కాదు నేను పంపింది. గా పనికి మనుషులు కావాలంటే పూర్తి జీతమిచ్చి పెట్టుకోండ్రి. అప్రెంటిస్ అని పేరు వెట్టి చవుకల పని చేయించుకునుడు ఏం న్యాయం?"

ఆయన నవ్వు తగ్గకుండానే అన్నాడు. "ఇంతమంది పిల్లలు కంపెనీల్లో ఉన్నారు, వాళ్ల తరఫున ఎవరూ ఇలా వచ్చి అడగలేదండి."

"అందుకే ఇట్లున్నది" అన్నారు మేడం.

ఆ తర్వాత ఆమె ప్రతి శనివారం వచ్చారు. రిసెప్షన్‌లో సోఫాలో కూర్చునేవారు. పరీక్ష పేపర్లు ఒళ్లో పెట్టుకుని దిద్దుకునేవారు. ఎవరైనా వచ్చి ఎందుకొచ్చారంటే, "మా పిల్లలకు పని నేర్పుడు షురూ చేసిన్రా అని అడగనీకి వచ్చిన" అనేవారు. మొదట్లో మంచినీళ్లు ఇచ్చారు. తర్వాత అవి కూడా ఇవ్వలేదు. ఆ తర్వాత సెక్యూరిటీ వాళ్లు గేటు దగ్గరే ఆపడం మొదలుపెట్టారు. ఆమె గేటు బయటి సిమెంటు దిమ్మె మీద కూర్చుని దిద్దుకున్నారు.

ఒకరోజు బస్సు తప్పిపోయి ఆమెతోపాటు ఆ దిమ్మె మీద నేనూ కూర్చున్నాను. ఎందుకు మేడం మీకింత పరేషాన్ అని అడిగాను. కాసేపు పేపర్లు సర్దుకున్నారు.

"మా తమ్ముడు పదోది కాంగనే కాటేదాన్ల ఒక ఫ్యాక్టరీల చేరిండు బిడ్డా. పని నేర్పుతమన్నరు. హెల్పర్ అన్నరు. ఏండ్లకేండ్లు హెల్పరే. సామాను మోసుడు, చాయ్ తెచ్చుడు. మిషన్ దగ్గరికి పోతే చేతి మీద కొట్టేటోళ్లు. ఫ్యాక్టరీ మూతవడ్డది. వాడు బయటికొచ్చేటాళ్లకు ముప్పై దాటినయి. ఏమొస్తదిరా నీకు అని ఎవలన్న అడిగితే చెప్పనీకి వానికి మాట లేదు. మనిషి గట్టోడే. గా ప్రశ్నకే కుంగిపోయిండు." కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. "పని రానోడు ఎవ్వడు పుట్టడు స్వప్నా. నేర్పనోళ్ల చేతిల పడ్తడు, అంతే."

శనివారాల వల్ల ఏమీ జరగడం లేదని, అప్రెంటిస్‌ల వ్యవహారాలు చూసే ప్రభుత్వ కార్యాలయానికి ఆమె ఫిర్యాదు చేశారు. తిరగ్గా తిరగ్గా తనిఖీకి ఒక అధికారి వస్తున్నాడని తెలిసింది. ఆ ఉదయం మాకు కొత్త ఏప్రాన్లు ఇచ్చారు. తొలిసారి మెషిన్ల హాల్లోకి చీపుర్లు లేకుండా పోయాం. ఒక్కొక్కరిని ఒక్కో మెషిన్ పక్కన నిలబెట్టి, "దేన్నీ ముట్టుకోకండి, అడిగితే బాగుందని చెప్పండి" అని సూపర్‌వైజర్ మెల్లగా చెప్పాడు.

అధికారి వచ్చాడు. హెచ్ఆర్ ఆయన, సూపర్‌వైజర్ ఇద్దరూ చెరో పక్కన నడుస్తున్నారు. షబానా దగ్గర ఆగి, "అంతా బాగుందామ్మా?" అని అడిగాడు.

ఎప్పుడూ నోరు విప్పని పిల్ల. ఆ మెషిన్ వైపు చూసి, "సార్, దీన్ని ఆన్ ఎట్ల చేస్తరో మాకు ఇంక చూపియ్యలే" అంది.

 అధికారి ఏదో రాసుకున్నాడు. ఆ సాయంత్రం బస్సులో మేం ముగ్గురం పండగ చేసుకున్నాం.

అధికారి రాసుకున్నది ఏమైందో తెలియదు, వారం తిరక్కుండా మమ్మల్ని ముగ్గుర్నీ రావద్దన్నారు. ప్రవర్తన సరిగా లేదని, క్రమశిక్షణ లేదని కారణం చెప్పారు. ఆ మాట ఇప్పటికీ నాకు మండుతుంది. నేర్పమని అడగడం ప్రవర్తన సరిగా లేకపోవడమా? నేర్పుతామని తీసుకుని పెట్టెలు మోయించడం ఏ క్రమశిక్షణ? మగపిల్లలు నలుగురు అక్కడే ఉండిపోయారు. ఏడాదంతా లారీలు ఎక్కించారు. సర్టిఫికెట్ పరీక్షలో ఎవరూ గట్టెక్కలేదు. గట్టెక్కకపోతే కంపెనీవాళ్లు ఏమన్నారో తెలుసా? "ఈ కాలం పిల్లలకు స్కిల్ లేదు" అన్నారు.

ఊళ్లో మాట మేడం మీదికి తిరిగింది. బస్సొచ్చి తీసుకుపోయే పనిని ఆమె పోగొట్టిందన్నారు. టీచరమ్మకేంది, సర్కారు జీతం ఆగుతదా అన్నారు. కాక అయితే, నేను ఆనాడే చెప్పిన అని ఇంటింటికీ చెప్పుకున్నాడు.

ఆమె ఎవరూ పిలవకుండానే మా ఇంటికి వచ్చారు. బాపు ఆరోజు ఎదురు పోలేదు, మంచం వేయలేదు. పాలకూర మడి దగ్గర నిలబడి అన్నాడు.

"పోయి అడుగుతనన్నవు మేడం. అడిగినవు. ఏమైంది? నా బిడ్డ ఇంట్ల కూసున్నది."

"కూసున్నదన్నా."

"జర నిమ్మళంగ ఉంటే ఏడాది గడిచిపోతుండె గద."

"గడిచిపోతుండె. ఏడాదయినంక నీ బిడ్డ చేతిల ఏముంటుండె? కాగితముంటుండె." ఆమె గొంతు తగ్గలేదు, పెరగలేదు. "అడిగినందుకు నేను సిగ్గుపడ్తలే. గానీ పిల్లల పని పోయింది, గది నా మీదున్నది. ఇంకో జాగ చూసేదాక నేను ఊకుండ. నీకు కోపముంటే నన్ను తిట్టు. పిల్లను అనకు."

బాపు తిట్టలేదు. తట్ట ఎత్తుకుని ఇంట్లోకి పోయాడు. పోతూ పోతూ, "లోపలికి రా మేడం, ఎండకు నిలవడకు" అన్నాడు.

ఆ తర్వాత ఎండాకాలమంతా ఆమె కాటేదాన్, మైలార్‌దేవ్‌పల్లి సందుల్లో తిరిగారు. సెలవులు కదా అని ఆమె తోటి టీచర్లు ఊళ్లకు పోతే, ఈమె షెడ్డు తర్వాత షెడ్డు ఎక్కి దిగారు. ఆడపిల్లలని కొందరు వద్దన్నారు. కంపెనీ మీద ఫిర్యాదు చేసిన పిల్లలని తెలిసి కొందరు వద్దన్నారు. చివరికి ఒక పాత వర్క్‌షాపు యజమాని వినిపించుకున్నాడు. తెల్లగడ్డం పెద్దమనిషి. యంత్రాల విడిభాగాలు చేసి పెద్ద కంపెనీలకు ఇచ్చేవాడు.

"ఆడపిల్లలు నా దగ్గర ఎన్నడు పని చెయ్యలే అమ్మా. గానీ చెయ్యొద్దని ఏడ రాసి లేదు. పంపు" అన్నాడు.

మేడం వెంటనే ఒప్పుకోలేదు. షెడ్డంతా తిరిగి చూసి వచ్చి, "ఆడపిల్లలకు బాత్రూం ఏదన్నా?" అని అడిగారు. లేదు. పక్క ఇంట్లోకి పోవచ్చన్నాడు ఆయన. "నా పిల్లలు పక్కింటోళ్లను బతిమిలాడుకుంట పని నేర్చుకోవాల్నా? ముందుగాల గది కట్టన్నా. మరునాడే పంపుత" అన్నారు. వెంట వచ్చిన మేం ముగ్గురం ఇదీ పోయిందే అనుకున్నాం. దొరక్క దొరక్క దొరికిన చోటు. ఆయన మేస్త్రీకి ఫోన్ చేశాడు.

అక్కడ నేర్చుకున్నాం. మొదటిరోజే యజమాని మమ్మల్ని లేత్ మెషిన్ ముందు నిలబెట్టి, ఆపడం ఎట్లాగో ముందు నేర్పాడు. నడపడం తర్వాత. తప్పు చేస్తే కేకలేసేవాడు. ఆ కేక కూడా మాకు ముద్దొచ్చింది. ఎందుకంటే అది నేర్పేవాడి కేక. పాడుచేసిన ఇనుప ముక్కలను ఒక మూల పడేయనిచ్చేవాడు. "ఇనుము పోతే మళ్ల వస్తది, చెయ్యి పోకుండ చూస్కోండ్రి" అనేవాడు. ఏడాది తిరిగేసరికి కాగితం మీద గీసిన బొమ్మ చూసి దాన్ని ఇనుములో కోసి తీయగలిగాం. ముగ్గురం పరీక్ష పాసయ్యాం. షబానా ఇప్పుడు అదే వర్క్‌షాపులో ఫోర్‌మన్. అవును, ఫోర్‌మన్ అనే పిలుస్తారు, మాట మార్చలేదు. మంజుల ఐటీఐలో పాఠం చెప్తుంది. నేను ఎయిర్‌పోర్టు దగ్గర ఇంకో సంస్థలో మెషిన్ సెక్షన్ చూసుకుంటున్నాను. నా కింద ఇంజనీరింగ్ చదివిన పిల్లలూ ఉన్నారు, పదోది తర్వాత అప్రెంటిస్‌లుగా వచ్చిన పిల్లలూ ఉన్నారు. అందరికీ నేర్పాల్సిందే. ఎవరూ నేర్చుకుని పుట్టరు.

ఇప్పుడు నా కోపం సంగతి చెప్తాను.

మేడం సంతాప సభ శంషాబాద్‌లో ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. వేదిక మీద పెద్ద ఫ్లెక్సీ. ఆమె ఫొటో కింద "శాంతమూర్తి, సహనశీలి" అని అచ్చు వేయించారు. ఆమెను ఎరిగినవాళ్లెవరైనా ఆ మాటలు రాస్తారా? ఒకరి తర్వాత ఒకరు లేచి, అమ్మలాంటి మనిషి అన్నారు, ఎవరినీ నొప్పించలేదన్నారు. ఆమె గేటు బయట కూర్చున్న రోజుల్లో పిచ్చిది అన్నవాళ్లు కూడా ఆ మాటే అన్నారు. ఆ తర్వాత మైకు ముందుకు వచ్చిన మనిషిని చూసి నేను మొదట గుర్తుపట్టలేదు. ఆనాటి హెచ్ఆర్ అధికారి. జుట్టు నెరిసింది. పదవి పెరిగింది. దండ వేసి, నమస్కారం పెట్టి, "మేడం గారు మా కంపెనీకి మొదటినుంచీ శ్రేయోభిలాషి. అప్రెంటిస్ వ్యవస్థ కోసం వారు మాతో కలిసి నడిచారు" అన్నాడు.

కలిసి నడిచారట. గేటు లోపలికి రానిస్తే కదా కలిసి నడవడానికి.

నేను లేచాను. మాట్లాడాలని ఎవరూ నన్ను పిలవలేదు. వేదిక ఎక్కి మైకు అడిగితే ఇవ్వక తప్పలేదు వాళ్లకు.  మా మేడం శాంతమూర్తి కాదని చెప్పాను. ఆమె చాలామందిని నొప్పించిందని, నొప్పించాల్సిన వాళ్లనే నొప్పించిందని చెప్పాను. లేబుళ్ల సంగతి, సిమెంటు దిమ్మె సంగతి, క్రమశిక్షణ లేదని మమ్మల్ని పంపేసిన సంగతి అన్నీ చెప్పాను. కంపెనీ పేరు ఎత్తలేదు, ఎవరి వైపూ చూడలేదు. చూడాల్సిన అవసరం లేకపోయింది. హాలంతా ఆయన్నే చూసింది. ముందు వరసలో తల దించుకుని కూర్చున్న మేడం భర్త తలెత్తి, నాకేసి చూసి, చెప్పు బిడ్డా అన్నట్టు తలూపాడు. వెనక వరసలో నుంచి మా బాపు లేచి నిలబడ్డాడు. నేను దిగేదాకా నిలబడే ఉన్నాడు.

సభ అయ్యాక బయట ఆ కంపెనీ ఆయన నా దగ్గరికి వచ్చాడు. మర్యాద ఏమీ తగ్గలేదు.

"అమ్మా, అప్పుడు నేను కొత్తగా చేరినవాణ్ణి. పై నుంచి ఏం చెప్తే అది చేశాను. అర్థం చేసుకోవాలి మీరు."

"ఇప్పుడు పైన ఉన్నది మీరే కద సార్" అన్నాను.

 డ్రైవర్ కారు తెచ్చి పెట్టాడు. ఆయన ఎక్కి వెళ్లిపోయాడు. మంజుల ఐటీఐ పిల్లలు ఇద్దరు ఈ ఏడాది ఆ కంపెనీలోనే చేరారు. వాళ్లనడిగితే ఇంకా ప్యాకింగ్‌లోనే ఉన్నామన్నారట. మంజుల ఫిర్యాదు పెట్టింది. వచ్చే శనివారం మేమిద్దరం అక్కడికి పోతున్నాం. గేటు దగ్గర ఆపుతారని తెలుసు.

తల్లిదండ్రులకు ఒక మాట. పదోది అయిన పిల్లకు పని నేర్పించడం చదువు మాన్పించడం కాదు. అయితే నేర్పుతామన్న ప్రతి గేటునూ నమ్మకండి. లోపలికి పోయి, నీ చేతులు ఏం చేస్తున్నాయని మీ పిల్లలను అడగండి. అడిగేవాళ్లు లేకనే ఈ దందా నడుస్తోంది. ఒక సైన్స్ టీచరు ఒంటరిగా అడిగింది. ఆమె ఒంటరిగా అడగాల్సి రావడమే మన తప్పు.

ఆమెను చివరిసారి చూసింది ఈ ఎండాకాలం మొదట్లో. రిటైరయ్యాక కొంచెం నెమ్మదించారు, మోకాళ్లు నొప్పి పెట్టేవి. నా సెక్షన్ చూస్తానంటే అనుమతి తీసుకుని లోపలికి తీసుకుపోయాను. మా వాళ్లు ఇచ్చిన బరువైన బూట్లు ఆమె పాదాలకు పెద్దవి. ఈడ్చుకుంటూ నడిచారు. ఒక మెషిన్ దగ్గర ఈ ఏడాదే చేరిన అప్రెంటిస్ పిల్ల ఒకతి, నుదుటి మీద చెమట తుడుచుకోవడం కూడా మరిచిపోయి, తను కోసిన ముక్క కొలత చూసుకుంటోంది. పరిచయం చేద్దామని నేను పిలవబోతే మేడం నా చేయి పట్టుకుని ఆపారు. వెనకే నిలబడిపోయారు. పక్క మెషిన్ మీద నుంచి, ఇనుము వేడెక్కకుండా పోసే పాల రంగు నీళ్లు చిమ్మి ఆమె చీర కుచ్చిళ్ల మీద పడుతున్నాయి. పక్కకు జరగండి మేడం అన్నాను. వినలేదు. ఆ పిల్ల కొలత చూసింది, తల అడ్డంగా ఊపుకుంది, ముక్కను మళ్లీ బిగించింది, మెషిన్ ఆన్ చేసింది. వెనక ఎవరో నిలబడ్డారని ఆ పిల్లకు తెలియనే తెలియదు. మేడం చీర తడుస్తూనే ఉంది.